క్లార్క్ కథలన్నీ ఒకే పుస్తకంలో: మొదటి పేజీ నుంచి వరుసగా చదవాలా?

బైరాగిపట్టెడ_రీడర్
సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ కథలన్నీ కలిపి వేసిన 'ద కలెక్టెడ్ స్టోరీస్' కొన్నాను. 2000లో వచ్చిన సంకలనం. తొమ్మిది వందల పైచిలుకు పేజీలు, వందకు మించి కథలు. 1937 నాటి 'ట్రావెల్ బై వైర్!' మొదటిది, 1999లో వచ్చిన 'ఇంప్రూవింగ్ ద నైబర్‌హుడ్' చివరిది. ఇరవయ్యేళ్ళప్పుడు మొదలుపెట్టి ఎనభై దాటాక ఆపిన మనిషి రాసిన కథలు ఇవి.

కానీ పుస్తకం ముందుకు సాగడం లేదు. మొదట్లో ఉన్నవి కాలేజీ మ్యాగజైన్ కథల్లా ఉన్నాయి. 'హౌ వి వెంట్ టు మార్స్' సగంలో వదిలేశాను. ఇట్లాంటి పుస్తకాన్ని వరుసగానే చదవాలా, ఎక్కడ పడితే అక్కడ తెరవొచ్చా? ఇంకో డౌటు. మనిషి చంద్రుడి మీద దిగకముందు రాసిన చంద్రుడి కథలు ఇప్పుడు చదివి ఏం లాభం? మా అమ్మాయి పదో తరగతి. తనకు ఇద్దామనే కొన్నాను. నాకే ఎక్కని పుస్తకాన్ని ఏం చెప్పి తన చేతిలో పెట్టను?

పాకాల_జంక్షన్
వరుస మానేసి నేరుగా 1946కి పోండి. 'రెస్క్యూ పార్టీ' తీయండి. అది కూడా పట్టకపోతే పుస్తకం నాకిచ్చేయండి, నేనే తిరుపతికొచ్చి తీసుకుపోతా.

చిత్తూరు_సాయంకాలం
పాకాల తమ్ముడి మాట వినొద్దు సార్. వరుసగానే చదవండి, కారణం చెప్తాను.

1938 దాకా ఉన్న కథలు రాకెట్ల పిచ్చి పట్టిన కుర్రాడివి. జోకులు ఎక్కువ, కథ తక్కువ. అవి డబ్బులిచ్చే పత్రికల్లో రాలేదు, అభిమానులు వేసుకున్న చిన్న పత్రికల్లో వచ్చాయి. ఆ తర్వాత యుద్ధం. క్లార్క్ బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ పనిలో చేరాడు. పొగమంచులో రన్‌వే కనబడని విమానాన్ని కింద నుంచి రాడార్ తెర మీద చూస్తూ, పైలట్‌కు మాటలతో దారి చెప్పి దింపే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. ఆయన చేసిన పని అది. ఆ రోజుల కథలు చిన్నాచితకా ఒకటి రెండు ఉన్నాయంతే. తర్వాత ఒక్కసారిగా 'రెస్క్యూ పార్టీ' వస్తుంది.

ఆ కథలో సూర్యుడు ఇంకొన్ని గంటల్లో పేలిపోతాడు. ఎక్కడి నుంచో ఒక ఓడ మనుషుల్ని కాపాడదామని వస్తుంది. దిగి చూస్తే ఊళ్ళు ఖాళీ. భూమి కింద రైలు మాత్రం ఎవరూ లేకపోయినా తనంతట తాను నడుస్తోంది, వెతకడానికి వచ్చినవాళ్ళే అందులో ఇరుక్కుపోతారు. ఒకచోట పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. దాన్ని ఏ నక్షత్రం వైపూ తిప్పలేదు, ఖాళీ ఆకాశంలోకి గురిపెట్టి వదిలేశారు. ఎందుకు అన్నదే కథ. యంత్రం పని చేసే తీరు తెలిసినవాడు మాత్రమే రాయగలిగిన కథ అది. ముందున్న అల్లరి కథలు చదివి ఉంటేనే ఈ మనిషి ఎంత మారాడో మీకు తెలుస్తుంది. దూకేస్తే అది అందదు.

పాకాల_జంక్షన్
అక్కా, మీరు చెప్పింది రెండోసారి చదివేవాళ్ళకు సరే. మొదటిసారే విసుగొస్తే రెండోసారి ఎక్కడిది?

ప్రశ్న_పల్లవి
నేను మొత్తం చదివాను, వరుసగానే. నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఇందులో ముప్ఫై కథలు చాలా గొప్పవి, ముప్ఫై పర్వాలేదు, మిగిలినవి తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. 'వైట్ హార్ట్' అనే పబ్బులో కూర్చుని ఒకాయన గొప్పలు చెప్పే కథలు ఒక దొంతర ఉన్నాయి. ఒకటి రెండు నవ్విస్తాయి, తర్వాత అన్నీ ఒకటే బాణీ.

ఆడవాళ్ళు దాదాపు లేరు. ఓడ నిండా మగవాళ్ళే, అందరూ ఒకే రకంగా మాట్లాడతారు. పేర్లు తీసేస్తే ఎవరు ఎవరో చెప్పలేం. మనుషుల లోపల ఏం జరుగుతుందో చెప్పే కథలు కావాలనుకుంటే ఈ పుస్తకం మీకు కాదు.

చిత్తూరు_సాయంకాలం
పల్లవీ, ఆడవాళ్ళ సంగతి నువ్వన్నది నిజమే. కానీ 1958 నాటి 'ద సాంగ్స్ ఆఫ్ డిస్టెంట్ ఎర్త్' చదివావుగా? అది మొత్తం లోరా కథే. పల్లెటూరి పిల్ల, పైనుంచి దిగిన ఓడలో ఇంజినీరును ఇష్టపడుతుంది, అతని భార్య ఆ ఓడలోనే నిద్రలో ఉంది. వందల ఏళ్ళ ప్రయాణం మధ్యలో కొన్నాళ్ళ మజిలీ. ఆ పిల్ల ఓడ లోపలికి వెళ్ళి, నిద్రపోతున్నవాళ్ళను చూశాక తీసుకున్న నిర్ణయం దగ్గర నాకు గొంతు పట్టేసింది.

ప్రశ్న_పల్లవి
అది ఒప్పుకుంటా అక్కా. కానీ వందలో ఒకటి చూపించి లేరన్న మాట కొట్టేయలేం కదా.

సూళ్లూరుపేట_నింగి
చంద్రుడి మీద దిగకముందు రాసిన కథలు ఎందుకు చదవాలి అన్నారు కదా బైరాగిపట్టెడ సార్, దానికి నేను చెప్తాను. మేం శ్రీహరికోట పక్కనే. 2022లో జిల్లాలు మారాక మేమూ తిరుపతి జిల్లానే అయ్యాం, కాబట్టి ఇది ఇప్పుడు ఇంటి మాటే.

1945 అక్టోబరులో 'వైర్‌లెస్ వరల్డ్' అనే పత్రికలో క్లార్క్ ఒక వ్యాసం రాశాడు. భూమధ్యరేఖ మీద సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం పెడితే అది భూమితో సమానంగా తిరుగుతుంది, కింద నుంచి చూసేవాడికి కదలకుండా ఒకేచోట నిలబడినట్టుంటుంది, అట్లాంటివి మూడు పెడితే ప్రపంచమంతా సిగ్నల్ అందుతుంది. ఇదీ వ్యాసం. వాటిని మనుషులు ఉండే స్టేషన్లుగా ఊహించాడు, ఆ ముక్క జరగలేదు. మిగతాదంతా జరిగింది. మన ఇళ్ళ మీద డిష్షు ఒకే వైపుకు తిరిగి ఉండడానికి కారణం అదే లెక్క.

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, నాసా కలిసి సైట్ అనే ప్రయోగం చేశాయి. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. అప్పటికి క్లార్క్ శ్రీలంకలో స్థిరపడి చాలా ఏళ్ళయింది. కొలంబోలో ఆయన ఇంటి మీద మన ఇస్రోవాళ్ళు వెళ్ళి యాంటెన్నా బిగించి ఇచ్చారు. తాను కాగితం మీద రాసిన ఊహను సొంత ఇంట్లో కూర్చుని చూసిన రచయిత ఆయన. ఇది తెలిశాక ఆ పాత కథలు చదవండి సార్, వేరే రుచి తెలుస్తుంది.

తిరుచానూరు_పద్మ
ఇంట్లో యాంటెన్నా సంగతి నాకు తెలియదు. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

కాణిపాకం_సీను
అంతా బాగుంది కానీ ఆ 'ద నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్' కథ నాకు నచ్చలేదు. టిబెట్ సన్యాసులు దేవుడి పేర్లన్నీ కంప్యూటర్‌లో రాయించుకుంటారట. ఇంజినీర్లు వాళ్ళను వెర్రివాళ్ళలాగా చూస్తారు. మన కొండ కింద కూర్చుని దేవుడి పేరు మీద అట్లా రాస్తే ఊరుకుంటామా?

వేదిక_నిర్వాహణ
ఆ కథ ముగింపు ఎవరూ చెప్పొద్దు. ప్రశ్న అడిగినాయన ఇంకా చదవలేదు.

తిరుచానూరు_పద్మ
సీను తమ్ముడూ, నాకు సరిగ్గా దానికి వ్యతిరేకంగా అనిపించింది. మా నాయనమ్మ రామకోటి రాసేది. మధ్యాహ్నం గిన్నెలు కడిగి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, గళ్ళ నోటుబుక్కు ముందేసుకుని గడికొక 'శ్రీరామ'. ఎర్ర ఇంకు పెన్ను. గడి దాటి అక్షరం బయటికి పోతే ఆ పేజీ వదిలేసి మళ్ళీ మొదలుపెట్టేది. పుస్తకాలు నిండాక గుడికి పంపేవాళ్ళం. ఎందుకు నాయనమ్మా అంటే, పూర్తయితే చాలు అనేది. పూర్తయితే ఏమవుతుందో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కథలో లామా న్యూయార్కులో కంప్యూటర్ కంపెనీ ఆయన ముందు కూర్చుని మాట్లాడే తీరు కూడా అదే. మూడు వందల ఏళ్ళుగా చేస్తున్నాం, చేత్తో అయితే ఇంకా పదిహేను వేల ఏళ్ళు పడుతుంది, మీ మిషన్ అయితే వంద రోజుల్లో అయిపోతుంది అంటాడు. అందులో వేళాకోళం లేదు. బేరం మాట్లాడే పెద్దమనిషిలా ఉంటాడు. కరెంటుందా అని అడిగితే, ప్రార్థన చక్రాలు తిప్పడానికి డీజిల్ జనరేటరు ముందే పెట్టుకున్నాం అంటాడు. ఆ ఒక్క వాక్యంతో ఆ మఠం నాకు కళ్ళకు కట్టింది. సన్యాసులను తక్కువ చేసేది ఇంజినీర్లు, రచయిత కాదు. చివరిదాకా చదివితే ఎవరిది పైచెయ్యో నీకే తెలుస్తుంది.

హయ్యర్_టైప్
పద్మక్కా రామకోటి మాట భలే చెప్పారు. నేను చిత్తూరులో టైపు హయ్యర్ పాసైన మనిషిని, కాబట్టి నా బాధ వేరే. కథలో పేర్లు కొట్టేది కరెంటు టైప్‌రైటర్ల మీద. తొమ్మిది వందల కోట్ల పేర్లు, వంద రోజులు. లెక్కేస్తే సెకనుకు వెయ్యి పేర్లు దాటుతాయి. పేరుకు తొమ్మిది అక్షరాలు అనుకుంటే సెకనుకు తొమ్మిది వేల అక్షరాలు. ఆ కాలం మిషన్ సెకనుకు పది పదిహేను కొడితే గొప్ప. కనీసం ఆరు వందల మిషన్లు వరుసగా పెట్టాలి. రిబ్బన్లు ఎవరు మారుస్తారు సామీ? కాగితాలు ఎవరు ఎక్కిస్తారు?

ఎస్వీయూ_లెక్కలు
టైపు గారూ, మీరు మొదలుపెట్టారు కాబట్టి నేనూ కలుస్తా. సన్యాసుల షరతులు రెండు. పేరులో తొమ్మిది అక్షరాలు మించకూడదు. ఒకే అక్షరం వరుసగా మూడుసార్లకు మించి రాకూడదు. రెండో షరతు వల్ల తగ్గేది చాలా తక్కువ, వదిలేద్దాం. 12 అక్షరాల లిపి అయితే తొమ్మిదక్షరాల పేర్లు సుమారు 516 కోట్లు వస్తాయి. 13 అయితే 1,060 కోట్లు. కథలో ఉన్న 900 కోట్లు ఈ రెండింటి మధ్యలో పడుతుంది. కాబట్టి సన్యాసులు కనిపెట్టుకున్న లిపిలో పన్నెండో పదమూడో అక్షరాలుండాలి. ఊరికే నోటికొచ్చిన అంకె వేయలేదు ఆయన.

ఇక మన తెలుగు 56 అక్షరాలతో చేశారనుకోండి. అదే వేగంతో లక్షా అరవై వేల ఏళ్ళకు పైనే పడుతుంది. మన లిపి అయితే నక్షత్రాలకు ఢోకా లేదు!

వేదిక_నిర్వాహణ
మాష్టారూ, ముగింపు దాదాపు చెప్పేశారు.

ఎస్వీయూ_లెక్కలు
నక్షత్రాలు ప్రతి క్లార్క్ కథలోనూ ఉంటాయి లెండి. చదివేవాళ్ళకు ఏమీ తెలియదు.

హయ్యర్_టైప్
ఒత్తులు, గుణింతాలు కూడా లెక్కేయండి మాష్టారూ, తెలుగు టైపు కొట్టినవాళ్ళకే తెలుస్తుంది ఆ కష్టం. 😀

కాణిపాకం_సీను
పద్మక్క చెప్పాక మళ్ళీ చదివాను. నా అభ్యంతరం నాకుంది, దేవుడి పనిని ఒక లెక్కగా చూడడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ లామాను గౌరవంగానే రాశాడు, అది నిజం.

పుత్తూరు_కథకుడు
ఈ కథ గురించీ 'ద స్టార్' గురించీ జీవశాస్త్రవేత్త హాల్డేన్ క్లార్క్‌కు ఉత్తరం రాశాడు. దేవుడి గురించి కొత్త మాట చెప్పిన అతి కొద్దిమందిలో మీరొకరు, ఒకే సిద్ధాంతానికి కట్టుబడి ఉంటే జనానికి ప్రమాదమయ్యేవారు అనే అర్థం వచ్చేట్టు. హాల్డేన్ 1957లో మన దేశం వచ్చేశాడు, ఇక్కడి పౌరసత్వం తీసుకుని భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఈ రెండు కథలూ కలిపి చదివితే ఆ మాట ఎందుకన్నాడో తెలుస్తుంది. ఒకదాంట్లో భక్తులు చెప్పిందే నెగ్గుతుంది. రెండోదాంట్లో భక్తుడికే ఊపిరాడదు.

'ద స్టార్' చదవనివాళ్ళకు ఇంతే చెప్తా. అంతరిక్షంలో పేలిపోయిన ఒక నక్షత్రాన్ని చూడ్డానికి పోయిన ఓడలో ఒక క్రైస్తవ పాదిరీ ఉంటాడు, ఆయనే ఖగోళ శాస్త్రవేత్త కూడా. అక్కడ చచ్చిపోయిన ఒక నాగరికత తన ఆనవాళ్ళను ఒక నేలమాళిగలో దాచిపెట్టి పోయింది. సముద్రం ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల బొమ్మలు కూడా అందులో ఉంటాయి. పాదిరీ దగ్గర లెక్క ఉంది, ఆ నక్షత్రం ఏ ఏడాది పేలిందో, ఆ వెలుగు భూమికి ఏ ఏడాది చేరిందో. 1956లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

నాలాగా కథలు పంపి తిరిగొచ్చినవి లెక్కపెట్టుకునేవాళ్ళకు ఇంకో మాట. ఈ కథను ముందు ఒక పత్రిక పోటీకి పంపితే ప్రైజు రాలేదు. 'ద సెంటినెల్' కూడా 1948లో బీబీసీ పోటీకి రాసిందే, అక్కడా రాలేదు. తర్వాత దాని మీదే '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాకు పునాది పడింది.

కుప్పం_పొద్దు
పుత్తూరు అన్నా, ధైర్యం వచ్చింది. పోయిన నెల తిరిగొచ్చిన కథ మళ్ళీ పంపుతున్నా.

గడంకి_గాలి
'ద సెంటినెల్' గురించి ఎవరైనా రాస్తారని చూస్తున్నా. నాకు ఆ కథలో అన్నిటికంటే ఇష్టమైంది వంట. చంద్రుడి మీద ట్రాక్టరు లాంటి బండిలో పొద్దున్నే ఒకాయన పెనం మీద సాసేజీలు వేయిస్తుంటాడు, రేడియోలో పాట వస్తుంటుంది. అవి వేగేలోపు కిటికీలోంచి దూరంగా కొండ అంచున ఒక మెరుపు కనబడుతుంది. అక్కడి నుంచి కథ. 1996లో జరిగినట్టు రాశాడు. 1996లో చంద్రుడి మీద ఎవరూ లేరు, నిజమే. కానీ ఒక పని రోజు పొద్దున అట్లాగే ఉంటుంది. రాడార్ దగ్గర నైట్ డ్యూటీ చేసిన ఎవరినైనా అడగండి. పెద్ద సంగతులన్నీ టిఫిన్ టైములోనే బయటపడతాయి.

ఆ కథ జరిగే చోటు మేర్ క్రిసియమ్. పున్నమి చంద్రుడి అంచు దగ్గర మిగతావాటితో కలవకుండా విడిగా కోడిగుడ్డు ఆకారంలో ఒక నల్లమచ్చ కనబడుతుంది చూడండి, అదే. మిద్దె మీదికెక్కితే చాలు, ఏ దుర్భిణీ అక్కర్లేదు. 1976లో రష్యా వాళ్ళ వ్యోమనౌక లూనా 24 సరిగ్గా అక్కడి మట్టినే భూమికి తెచ్చింది.

సూళ్లూరుపేట_నింగి
అమ్మాయికి అదే చెప్పండి సార్. 2023 జులై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుంచే లేచింది, ఆగస్టు 23న దిగింది. ఆ సాయంత్రం స్కూళ్ళలో టీవీలు పెట్టి చూపించారు, మీ అమ్మాయీ చూసే ఉంటుంది. అది చూసిన పిల్లకు 'ద సెంటినెల్' పాతది అనిపించదు.

బైరాగిపట్టెడ_రీడర్
అందరికీ థాంక్స్. ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. 'రెస్క్యూ పార్టీ' పూర్తి చేశాను. చివరి రెండు లైన్లు మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ తర్వాత వరుసగానే పోతున్నా, చిత్తూరు అక్క చెప్పినట్టు. నిన్న మిద్దె మీద అమ్మాయికి ఆ మచ్చ చూపించాను. తనే పుస్తకం తీసుకుని 'హిస్టరీ లెసన్' చదివింది, చదివి గట్టిగా నవ్వింది, ఎందుకో చెప్పడం లేదు.

పాకాల_జంక్షన్
ఆ కథ చివరి వాక్యానికి నవ్వకపోతే ఆశ్చర్యపోవాలి. భూమి మీద మనుషులంతా పోయాక శుక్రగ్రహం వాళ్ళకు మన సినిమా రీలు ఒకటి దొరుకుతుంది. దాన్ని చూసి మనం ఎట్లాంటివాళ్ళమో పెద్ద పెద్ద సిద్ధాంతాలు చేస్తారు. అది ఏ సినిమానో మీరే చూసుకోండి.

కుప్పం_పొద్దు
'డాగ్ స్టార్' ఎవరూ చెప్పలేదేం? లైకా అనే కుక్కపిల్ల రోడ్డు పక్కన దొరుకుతుంది ఒక ఖగోళ శాస్త్రవేత్తకు. ఒక రాత్రి అది మొరిగి లేపబట్టి భూకంపం నుంచి బయటపడతాడు. తర్వాత చంద్రుడి మీద ఉద్యోగం వస్తుంది, కుక్కను తీసుకుపోలేడు, వదిలేసి పోతాడు. అది బతకదు. చంద్రుడి మీద నిద్రలో దాని అరుపు వినిపిస్తుంది. అంతకు మించి చెప్పను. మా ఇంట్లో కుక్క పోయిన ఏడాది చదివాను ఆ కథ, తర్వాత మళ్ళీ తెరవలేదు. పల్లవి గారూ, మనుషుల లోపల ఏం జరుగుతుందో చెప్పడన్నారు. ఇది చెప్పలేదా?

ప్రశ్న_పల్లవి
చెప్పింది. నా ముప్ఫై గొప్ప కథల్లో అది ఉంది. 'ఎ మీటింగ్ విత్ మెడూసా' కూడా.

ఎస్వీయూ_లెక్కలు
'మెడూసా' గురించి ఒక ముక్క. 1971 కథ, సైన్స్ ఫిక్షన్‌కే ఇచ్చే నెబ్యులా అవార్డు వచ్చింది. గురుగ్రహం మేఘాల్లో బెలూన్ మీద తేలుతూ పోయే హోవార్డ్ ఫాల్కన్ కథ. గురుగ్రహం గాలి చాలావరకు హైడ్రోజనే. హైడ్రోజన్ కంటే తేలికైన వాయువు లేదు, మరి బెలూన్ ఎట్లా తేలుతుంది? క్లార్క్ జవాబు: అదే హైడ్రోజన్‌ను వేడి చెయ్యాలి. మన హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు హైడ్రోజన్ నింపి పంపే పెద్ద బెలూన్లు ఉన్నాయి కదా, అక్కడ చుట్టూ ఉన్న గాలి బరువు కాబట్టి చల్లటి హైడ్రోజనే సరిపోతుంది. ఈ ఒక్క తేడా మీద ఫిజిక్సు క్లాసులో గంట పాఠం చెప్పొచ్చు. నేను చెప్పాను, పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదు.

ప్రశ్న_పల్లవి
మాష్టారు బెలూన్ చూశారు, నేను ఫాల్కన్‌ను చూశాను. ముందు జరిగిన ఎయిర్‌షిప్ ప్రమాదం తర్వాత అతనికి ఏమైందో చివరిదాకా చెప్పడు. అతని నడక గురించి, ఎదుటివాళ్ళ చూపుల గురించి చిన్న చిన్న మాటలు మాత్రం పడుతుంటాయి. రెండోసారి చదివితే ప్రతి పేజీలో అతని ఒంటరితనం కనబడుతుంది. యాభై దాటాక రాసిన కథ అది. 1938 కుర్రాడు అది రాయలేడు. ఈ ఒక్క విషయంలో చిత్తూరు అక్క మాట ఒప్పుకుంటా, వరుసలో చదివితేనే ఆ తేడా తెలుస్తుంది.

గడంకి_గాలి
'ట్రాన్సిట్ ఆఫ్ ఎర్త్' కూడా 1971దే. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయిన మనిషి. ఆక్సిజన్ అయిపోతోంది. ఆ రోజు భూమి, చంద్రుడు సూర్యుడి ముందు నుంచి నల్లటి చుక్కల్లా దాటిపోతాయి, చూసేది అతనొక్కడే. కథలో తేదీ 1984 మే 11. నిజంగానే ఆ రోజు అంగారకుడి నుంచి చూస్తే భూమి సూర్యుడిని దాటింది. చూడ్డానికి అక్కడ ఎవరూ లేరు. ఇంకోసారి 2084 నవంబరు 10న.

2004 జూన్ 8న శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటిన రోజు నేను స్కూల్లో ఉన్నా. అట్టపెట్టెకు గుండుసూదితో చిల్లు పెట్టి, లోపల తెల్ల కాగితం మీద పడిన సూర్యుడి బొమ్మ చూపించడానికి సారు మమ్మల్ని గ్రౌండులో నిలబెట్టారు. మావాళ్ళలో సగం మందికి చుక్క కనబడలేదు. నాకు కనబడింది, లేదా కనబడిందని గట్టిగా నమ్మాను. ఆ కథ చదివినప్పుడు ఆ చుక్క మన ఇల్లు అయితే ఎట్లా ఉంటుందో తెలిసొచ్చింది. పాత సైన్సు కదా అనే మాట నాకు అందుకే మింగుడుపడదు. అంగారకుడి మీదికి మనిషి ఎప్పుడు పోతాడన్న అంచనా తప్పింది, అంతే. ఆకాశం లెక్క నిమిషం పోలేదు.

సూళ్లూరుపేట_నింగి
దీనికి తోడు 'ద విండ్ ఫ్రమ్ ద సన్'. 1964లో రాశాడు, సూర్యుడి వెలుగు తోసే తోపుతో తెరచాపలు కట్టుకుని పందెం. 2010లో జపాన్ వాళ్ళ వ్యోమనౌక ఇకారోస్ ఆ పద్ధతిలోనే తెరచాప విప్పుకుని శుక్రగ్రహం పక్కనుంచి పోయింది. క్లార్క్ 2008 మార్చిలో పోయాడు. ఇంకో రెండేళ్ళు ఉండి ఉంటే అదీ చూసేవాడు.

తిరుచానూరు_పద్మ
మా పిల్లోడు అబాకస్ క్లాసుకు పోనని గోల చేస్తుంటే 'ఇంటు ద కామెట్' చెప్పాను. తోకచుక్క లోపల ఓడ కంప్యూటర్ పాడైపోతుంది, దారి లెక్క చేసే దిక్కు లేదు. జపాన్ మూలాలున్న విలేకరి పూసల చట్రాలు చేయించి, ఓడలో అందరికీ నేర్పించి, చేత్తోనే లెక్క కట్టిస్తాడు. మా పిల్లోడు అప్పటి నుంచి నోరెత్తకుండా క్లాసుకు పోతున్నాడు, ఓడ పాడైతే నేనే కాపాడతానంటున్నాడు.

హయ్యర్_టైప్
పద్మక్కా, ఆ పిల్లోడికి టైపు కూడా నేర్పించండి, టిబెట్‌లో పని దొరుకుతుంది. 😀

బైరాగిపట్టెడ_రీడర్
అమ్మాయి ఇప్పుడు నన్ను అడుగుతోంది, తర్వాత ఏది చదవాలని. మీరందరూ ఒక్కో కథ చెప్పండి. తనకు లెక్కలంటే ఇష్టం, ఏడిపించే కథలంటే భయం.

ఎస్వీయూ_లెక్కలు
'సుపీరియారిటీ'. 1951. యుద్ధంలో మెరుగైన ఆయుధాలున్న పక్షం ఓడిపోతుంది, ఎందుకంటే ఇంకా మెరుగైనది వస్తోందని ఉన్నది వాడకుండా కూర్చుంటారు. జైల్లో కూర్చున్న సేనాధిపతి రాసుకున్న వాంగ్మూలం అది. అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద యూనివర్సిటీలో ఒక కోర్సులో దీన్ని చదివించేవాళ్ళు.

పాకాల_జంక్షన్
'హైడ్ అండ్ సీక్'. అంగారకుడి చిన్న చందమామ ఫోబోస్ మీద స్పేస్ సూట్ వేసుకున్న ఒక్క మనిషి, అతన్ని వెంటాడే పెద్ద యుద్ధనౌక. ఎవరు నెగ్గుతారో లెక్కల పిల్ల ముందే చెప్పేస్తుంది చూడండి.

కుప్పం_పొద్దు
'డయల్ ఎఫ్ ఫర్ ఫ్రాంకెన్‌స్టైన్'. ప్రపంచంలో ఫోన్లన్నీ ఒకే క్షణంలో మోగుతాయి, ఎత్తితే ఎవరూ ఉండరు. 1965 నాటి కథ. సెల్‌ఫోన్ చేతిలో పెట్టుకుని పెరిగిన పిల్లలకు సరిగ్గా తగులుతుంది.

కాణిపాకం_సీను
నా మాట 'ద స్టార్'. నేను మతం సంగతుల్లో పట్టింపున్న మనిషినని ఇక్కడ అందరికీ తెలుసు. అయినా చెప్తున్నా. ఆ పాదిరీ బాధ నిజమైన భక్తుడి బాధ. పదో తరగతి పిల్ల చదవాల్సిన కథ.

తిరుచానూరు_పద్మ
వద్దు సీనూ. ఏడిపించే కథలంటే భయమని ఆయన చెప్పారు కదా. ఆ నేలమాళిగలో పిల్లల బొమ్మల దగ్గర నేనే లేచి నీళ్ళు తాగొచ్చాను. ఇంటర్ అయ్యాక చదవనీ.

కాణిపాకం_సీను
ఇంటర్‌కు వచ్చేసరికి ఎంట్రన్స్ పుస్తకాలు తప్ప వేరే ఏమీ చదవనివ్వరు అక్కా. చదివితే ఇప్పుడే చదవాలి.

ప్రశ్న_పల్లవి
పుస్తకం ఇంట్లోనే ఉంది కదా, మనం ఇక్కడ తేల్చేదేముంది. నాన్నగారు అందులో ఏముందో రెండు మాటల్లో చెప్పి, చదవాలో వద్దో ఆ పిల్లనే అడగొచ్చు.

బైరాగిపట్టెడ_రీడర్
అడిగాను. 'సుపీరియారిటీ' ముందట, 'ద స్టార్' దసరా సెలవుల్లోనట.